భీష్మప్రతిజ్ఞలో గంగ

ఆదిపర్వమునందలి గంగ పాత్ర సులభమైనది కాదు. కన్నబిడ్డల నేడుగురను వరుసగా నీటిపాలు చేయును. భర్త కారణ మడుగరాదు, ఆమె చెప్పదు. మాటలేని నాటకమున కింతకంటె తగిన తల్లి వేరొకతె లేదని మాకు తోచును. 1921లో మదరాసున మన తెలుగువారు తీసిన తొలి మూకచిత్రము భీష్మప్రతిజ్ఞయే యగుట తగియున్నది.

బందరువాడైన రఘుపతి వెంకయ్యనాయుడు ఛాయాచిత్రములు తీయుచు మదరాసున స్థిరపడి, 1914లో అచట గెయిటీ యను చిత్రప్రదర్శనశాలను కట్టించెను. కుమారుడైన ప్రకాశును ఈ విద్య నేర్చుటకై విదేశములకు బంపెను. తిరిగి వచ్చిన ప్రకాశు చిత్రమునకు దర్శకుడై, భీష్ముడుగా దానే నటించెను. గంగ వేషము వేసినది పెగ్గీ కాస్టెలో యను ఆంగ్లో-ఇండియను వనిత.

భగీరథుడు తెచ్చిన గంగకు దొరసాని పేరా యని నవ్వువా రుందురు. ఆనాడు మన యిండ్లలో ఏ తండ్రి కూతును పంపియుండును? 1913లో ఫాల్కే తీసిన హరిశ్చంద్ర కథలో రాణి వేషమును సాళుంకే యను పురుషుడు ధరింపవలసి వచ్చెను. కలకత్తా చిత్రమున దమయంతియైనది పేషన్స్ కూపరు, ఆమెయు ఆంగ్లో-ఇండియనే. పతివ్రతల కథలు మనకు గావలెను, ఆ వేషములు మాత్రము పరులయింటి యాడుబిడ్డలు వేయవలెను! స్త్రీవిద్యను గూర్చి సభలలో గంటలకొలది నుపన్యసించిన పెద్దలును ఈ విషయమున నోరు మెదపలేదు. ఆ మౌనమున మా పంతుళ్లకును పాలు కలదు.

సురభివారిని మాత్రము వేరుగా నెంచవలెను. 1885లో కడప మండలమున బుట్టిన ఆ నాటకసమాజమున కుటుంబస్త్రీలే స్త్రీపాత్రలు ధరించుచు వచ్చిరి. మూకచిత్రము నటి మాతృభాష యేదని యడుగలేదు. 1932లో భక్తప్రహ్లాద మాటలాడుట కారంభించినప్పుడు తెలుగు పలుకగల స్త్రీ కావలసివచ్చెను. లీలావతిగా సురభి కమలాబాయి నిలిచెను.

ఇంచుమించుగా భీష్మప్రతిజ్ఞ కాలముననే, 1920లో, అమెరికాలో గ్రిఫిత్ 'వే డౌన్ ఈస్ట్' అను చిత్రమును తీసెను. కపటవివాహముచే మోసపోయి, కన్నబిడ్డను బోగొట్టుకొన్న యువతిగా లిలియన్ గిష్ నటించినది. మంచుపలకపై బడి నదిలో గొట్టుకొనిపోవు ఆమెను నేటికిని జూడవచ్చును. ఆమె 1993 వరకు జీవించి, తన కథను దానే గ్రంథముగా వ్రాసికొన్నది. మన గంగ నటించిన చిత్రము నిలువలేదు. వెంకయ్యగారి పేర 1980లో ప్రభుత్వ పురస్కారము వెలసినది. కాస్టెలోకు దక్కినది పాత్రధారుల పట్టికలో నొక పంక్తి.

వెంకటాచలమున పిల్లలకు శంతనుని కథ చెప్పునపుడు ఆ పేరును గూడ చెప్పుచున్నాము.