పప్పుకు రెండో తరగతి టికెట్టు

"పప్పులో బలమేముంది, గుడ్డు పెట్టు" అనే మాట మనలో విననివాళ్ళుండరు. మా డోన్ వైపు రోజూ జొన్నరొట్టె, పప్పు, శనక్కాయల ఊరిబిండి. కోడికూర ఆదివారం సంగతి. మరి పప్పు తక్కువ, మాంసం ఎక్కువ అనే లెక్క ఎక్కడ పుట్టింది?

చాలావరకు ఎలుకల బోన్లలో. 1914లో అమెరికాలో ఆస్‌బోర్న్, మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు ప్రోటీన్ కింద మొక్కజొన్నలోని జీన్ ఒక్కటే పెట్టారు. అవి చిక్కిపోయాయి. ట్రిప్టోఫాన్ కలిపితే బరువు నిలిచింది, లైసిన్ కూడా కలిపితే పెరిగాయి. పాలలోని కేసీన్ తిన్నవి మామూలుగానే ఎదిగాయి. తర్వాత పాఠ్యపుస్తకాల్లో జంతు ప్రోటీన్ మొదటి తరగతి, మొక్కలది రెండో తరగతి అయి కూర్చున్నాయి. జంక్షన్ ఊరివాళ్ళం కదా, ఆ మాట వింటే నాకు రైలుపెట్టెలే గుర్తొస్తాయి.

కానీ ఒక్క గింజ మీదే బతికే ఇల్లేది? జొన్నలో లైసిన్ తక్కువ, కందిపప్పులో దండిగా ఉంది. పప్పులో తక్కువైన మెథియోనిన్‌ను జొన్న పూడుస్తుంది. శనక్కాయలో ఈ రెండూ కాస్త తక్కువే, కాబట్టి ఊరిబిండి పప్పుకు తోడే గానీ బదులు కాదు.

అలాగని గుడ్డును తీసిపారేయలేం. అది తేలిగ్గా అరుగుతుంది, చిన్న పొట్టలో ఎక్కువ బలం పడుతుంది, మొక్కల్లో దొరకని బి12 ఇస్తుంది. పాలు మాన్పించే వయసు పిల్లలకు గుడ్డే మేలంటాను.

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి డాక్టర్ గోపాలన్ చెప్పింది వేరే సంగతి. పేదింటి పిల్లలకు అసలు కొరత మొత్తం తిండిదే. కడుపు నిండకపోతే తిన్న ప్రోటీన్ కూడా కట్టెలా మండిపోతుంది. వాళ్ళ 'హైదరాబాద్ మిక్స్'లో ఉన్నవి గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లం. అన్నీ మన డబ్బాల్లోవే.

2020 నాటి ఐసీఎంఆర్ లెక్కలో 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రోటీన్ కావాలి. మూడు వందల గ్రాముల జొన్నపిండిలో 30 దాకా, యాభై గ్రాముల కందిపప్పులో 11 వస్తాయి. మిగతాది ఒక పెద్ద గిన్నెడు పెరుగు పూడుస్తుంది. అయితే ఆ యాభై గ్రాములు ఆమె కంచంలో పడాలి కదా! అందరికీ వడ్డించాక అడుగున మిగిలిన పప్పులో నీళ్ళు పోసి, చారు చేసుకుని తినే ఇళ్ళు మన వీధిలోనే ఎన్నో.