కల్పన నుంచి కల్పిత స్విచ్ దాకా

నెట్‌వర్క్ ఉద్యోగాలకు చదువుకుంటున్న మన పిల్లల కోసం ఈ వారం ఒక చిన్న చరిత్ర చెబుతాను.

ఖతర్‌కు ఇంటర్నెట్ 1996లో క్యూటెల్ ద్వారా వచ్చింది. అదే సంస్థ 2013 నుంచి ఊరీడూ. దానికి ఆరేళ్ల ముందే, 1990లో, అమెరికాలో వినోద్ భరద్వాజ్ స్థాపించిన కంపెనీ మొదటి ఈథర్‌నెట్ స్విచ్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ కంపెనీ పేరేమిటో తెలుసా? కల్పన! 1994లో సిస్కో దాన్ని కొనేసింది. స్విచ్ కూడా నిజంగానే కల్పన అయిపోతుందని అప్పుడెవరు అనుకుంటారు?

1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వచ్చాక ఒకే కంప్యూటర్లో నాలుగైదు కంప్యూటర్లు నడపడం మనబోటి వాళ్లకు కూడా వీలైంది. వాటిని కలపడానికి లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన స్విచ్ ఉంటుంది. 2009లో ఓపెన్ విస్విచ్ ఉచితంగా విడుదలైంది. 2012లో లినక్స్ కెర్నల్‌లోనే చేరింది.

ఆ 2012లో నేను దోహాలో నజ్మాలో నలుగురితో ఒకే గదిలో ఉండేవాణ్ణి. పగలు కేబుళ్లు లాగే పని. అప్పట్లో ఇంకో ఉద్యోగానికి మారాలంటే ఉన్న యజమాని అనుమతి పత్రం కావాలి. ఆ నిబంధన 2020లో పోయిందనుకోండి. కాబట్టి ఉన్నచోటే పైకి రావాలి, అంటే పరీక్ష పాసవ్వాలి. అసలు స్విచ్‌లు కొనే స్తోమత లేదు. ఒక పాత కంప్యూటర్ కొని, వర్చువల్ మిషన్ లోపల ఇంకో వర్చువల్ మిషన్ పెట్టి ల్యాబ్ కట్టాను.

పింగ్ వెళ్లలేదు. మూడు శుక్రవారాలు పోయాయి. ఐపీ చిరునామాలు సరే, వీలాన్ నంబర్లు సరే. చివరికి ప్యాకెట్లు పట్టి చూస్తే, "ఈ ఐపీ ఎవరిది?" అనే ఏఆర్‌పీ ప్రశ్న బయటికి వెళ్తోంది, జవాబు కూడా బయల్దేరుతోంది, కానీ లోపలి మిషన్‌కు అందడం లేదు!

కారణం ఇదీ. మామూలు స్విచ్ వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ చూసి ఏ మ్యాక్ చిరునామా ఎటు ఉందో నేర్చుకుంటుంది. నేను వాడిన వర్చువల్ స్విచ్ నేర్చుకోదు. తనకు నేరుగా తగిలించిన మిషన్ల జాబితా దానికి ముందే తెలుసు. జాబితాలో పేరున్నవాడికే గేటు తీసే వాచ్‌మన్ లాంటిది. మిషన్ లోపలి మిషన్ పేరు అందులో లేదు. ప్రామిస్క్యువస్ మోడ్‌కు అనుమతి ఇవ్వగానే పింగ్ పలికింది. అర్ధరాత్రి నా కేకకు గదిలో అందరూ లేచి కూర్చున్నారు.

ఒక జాగ్రత్త. ఆ మోడ్‌లో పక్కవాళ్ల ప్యాకెట్లు కూడా కనిపిస్తాయి. ల్యాబ్‌లో ఫర్వాలేదు, ఆఫీసులో వద్దు. 2018లో వచ్చిన విస్ఫియర్ 6.7 డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌కు మ్యాక్ చిరునామాలు నేర్చుకునే ఏర్పాటు కూడా వచ్చింది.

2022లో మైక్రోసాఫ్ట్, 2023లో గూగుల్ ఖతర్‌లో తమ క్లౌడ్ కేంద్రాలు తెరిచాయి. వాటిలోని నెట్‌వర్కులూ ఇలాంటి కల్పిత స్విచ్‌ల మీదే నడుస్తాయి. నాకు ఆ పరీక్ష దక్కింది, కేబుళ్ల పని తప్పింది. మీ ల్యాబ్‌లో పింగ్ రాకపోతే బెంగపడకండి బాబూ. ప్రశ్న ఎక్కడిదాకా వెళ్లిందో, జవాబు ఎక్కడ ఆగిందో ముందు చూడండి.

సెలవు.