రెండు దారుల నడుమ కూకట్‌పల్లి

ఊళ్ల చరిత్రలు సాధారణముగా కోటలతోడను, శాసనములతోడను, రాజుల వంశావళులతోడను ప్రారంభమగుచుండును. మా కూకట్‌పల్లికి అట్టి ఆరంభము కుదరదు. పాత ఊరిలో రామాలయమును, గ్రామదేవతల గుడులును, చెరువులును లేకపోలేదు. బోనాలనాడు ఆ ఇరుకు వీధులలో పూర్వపు కళ నేటికిని కానవచ్చును. కాని ఒకనాటి పల్లె లక్షల జనముతో మహానగరమున నొక ముఖ్యభాగమగుటకు మూలకారణములు రెండు దారులు. ఒకటి, హైదరాబాదు నుండి పటాన్‌చెరు మీదుగా బొంబాయి వైపు పోవు పెద్దరోడ్డు. రెండవది, నిజాముల కాలమున, 1874లో, వాడి జంక్షను నుండి సికిందరాబాదు వరకు నడచిన రైలుమార్గము. భరత్‌నగర్ వద్ద ఈ రెండును ఒకదాని నొకటి దాటి, అటుపిమ్మట ఉత్తరమున రోడ్డును, దక్షిణమున రైలును, ఇంచుమించు జతగా పడమటికి సాగిపోవును. మా ఊరి భాగ్యమును, మా ఊరి అవస్థయు ఈ రెండు గీతలలోనే వ్రాసియున్నవని, ఇచ్చట చిరకాలము కాపురముండిన నాకు నానాటికి దృఢపడుచున్న అభిప్రాయము.

ఈ దారులలో ఏదియు మా ఊరివారి కొరకై పుట్టినది కాదు. రాజధానిని బొంబాయి రైలుమార్గముతో కలుపవలెనను అక్కరచే రైలు వచ్చెను. దూరదేశముల సరకును, బండ్లును పోవుటకై రోడ్డు వెడల్పయ్యెను. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణాశాఖను నెలకొల్పి 27 బస్సులతో ప్రయాణికులను చేరవేయ నారంభించిన నాటికి కూకట్‌పల్లి నగరమునకు వెలుపలి పల్లెయే. తరువాత కర్మాగారముల యుగము వచ్చెను. 1942లో వెలసిన ఆల్విన్ సంస్థ సనత్‌నగర్ ప్రాంతమునకు పేరు తెచ్చెను. 1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. వారి ఔషధ కర్మాగారమును, విమానములకు సంబంధించిన హెచ్.ఎ.ఎల్.ను బాలానగర్ వైపు వెలసెను, చింతలులో హెచ్.ఎం.టి., రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్., మా ఊరిలోనే పేలుడు సామగ్రి తయారు చేయు ఐ.డి.ఎల్. ఏర్పడినవి. ఐ.డి.ఎల్. చెరువనియే నేటికిని జనులు పిలుచు ఆ చెరువులో వినాయక నిమజ్జనములు జరుగుచుండును. కర్మాగారములన్నియు పెద్దరోడ్డు వెంబడియో, దానితో వై జంక్షన్ వద్ద కలియు బాలానగర్ రోడ్డు వెంబడియో యుండుటచేత, షిఫ్టు దిగినవాడు బస్సెక్కి తిన్నగా ఇంటి దగ్గర దిగెడివాడు. దారియు, పనియు, ఇల్లును ఒకే గీతపై నుండిన కాలమది.

ఆ గీతను ఆశ్రయించియే ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలివారు కె.పి.హెచ్.బి. కాలనీని నిర్మించిరి. ఆసియాఖండములోని పెద్ద కాలనీలలో నిదియొకటియని ఇచ్చటివారు గర్వముగా చెప్పుకొనుట వాడుక. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము, అనగా అందరి నోట జె.ఎన్.టి.యు., దానికి పొరుగున నిలిచెను. ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. యని ఆదాయమును బట్టి ఇండ్లు, నంబర్లు పెట్టిన రోడ్లు, నడుమ పార్కులు, బడులకు స్థలములు: ఈ కాలనీ కట్టుబడిని తూలనాడుట అన్యాయము. సామాన్య ఉద్యోగికి సొంత ఇంటి కలను నిజము చేసినది ఇదియే. కోస్తా జిల్లాల నుండి వచ్చినవారును, తెలంగాణ పల్లెల నుండి వచ్చినవారును ఒకే వీధిలో గోడకు గోడ ఆనించి ఇండ్లు కట్టుకొని, ఒకరి పండుగకు ఒకరు పిండివంటలు పంచుకొనినది ఇచ్చటనే. కాని ఇంటికి ప్లాను గీసినవారు, వీధికి ప్లాను గీసినవారు, ఊరినుండి బయటపడు దారిని మాత్రము ఉన్న పెద్దరోడ్డుకే అప్పగించిరి. పటాన్‌చెరు నుండి కోఠికి పోవు 218వ నంబరు బస్సును, సికిందరాబాదుకు పోవు 219వ నంబరును చాలినంతకాలము ఆ లోపము ఎవరికిని తోచలేదు. ఏలయన, అప్పటి ప్రయాణములన్నియు తూర్పుగానే యుండెను. కచేరీలు, కళాశాలలు, ఆస్పత్రులు, బజారులు సమస్తమును నగర మధ్యమునందే యుండెను గదా!

1998 నవంబరులో మాదాపూరులో, నేడు హైటెక్ సిటీ యనబడు చోట, సైబర్ టవర్స్ అను సాఫ్ట్‌వేర్ కార్యాలయ భవనము ప్రారంభమయ్యెను. మా ఊరి రవాణా చరిత్రలో ఇంతకంటె పెద్ద మలుపు వేరొకటి లేదు. అది మా సరిహద్దులో జరిగినది కాదు. అయినను అది మా ఊరి ప్రవాహదిశనే మార్చివైచెను. అదివరకు ఉదయమున తూర్పునకు పోవుచుండిన జనము, పది పదునైదేండ్లు తిరుగునప్పటికి దక్షిణమునకు మళ్లెను. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కొలువులు పెరిగినకొలది, అక్కడ అద్దెలు భరింపలేని యువకులు కె.పి.హెచ్.బి.ని నివాసముగా చేసికొనిరి, ఒకనాటి ఎం.ఐ.జి. ఇండ్లు అంతస్తులు లేచి హాస్టళ్లాయెను. ఇల్లు రైలుగీతకు ఉత్తరమున, కొలువు దక్షిణమున. నడుమ దాటుటకు అనువైన తావులు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినవి. తూర్పు పడమరలుగా పోవువారి కొరకు నూరేండ్లుగా సవరింపబడుచు వచ్చిన ఊరు, ఉత్తర దక్షిణములుగా బ్రదుకవలసివచ్చెను. నేటి మా కష్టములలో అధికభాగమునకు మూలమిదియే.

తరువాత జరిగిన ప్రయత్నములను ఈ దృష్టితో పరిశీలించిన వాని గుణదోషములు తేటపడును. 2003 ఆగస్టు 9న ఎం.ఎం.టి.ఎస్. అను నగరపు రైళ్లు ప్రారంభమైనప్పుడు, దూరపు బండ్లు దూసికొనిపోవుటను చూచుటయే గాని ఎక్కి యెరుగని పట్టాలపై మాకొరకు బండి ఆగినందులకు మేమెంతయో సంతసించితిమి. భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట స్టేషనులు మాకు అందుబాటులోనికి వచ్చెను. స్వల్పవ్యయముతో, ఉన్న పట్టాలనే వాడుకొని సాధించిన ఈ పని ప్రశంసాపాత్రము. కాని దూరపు రైళ్లతో పట్టాలను పంచుకొనవలసి యుండుటచే బండికిని బండికిని నడుమ ఎడము ఎక్కువాయెను. స్టేషను నుండి ఇంటికి చేర్చు చిన్నబస్సు లేకపోయెను. రైలునకు పోవు దారి లేకున్న నది ఎంత మంచిదైనను కొందరికే చెందును.

మెట్రోరైలు కథ పెద్దది. 2008లో ఇచ్చిన నిర్మాణపు ఒప్పందము మరుసటి యేడు రద్దయ్యెను. 2010లో మరల ఒప్పందము కుదిరెను. పెద్దరోడ్డు నడుమ స్తంభములు లేచుచుండిన ఆ సంవత్సరములలో దుకాణదారులు పడిన నష్టమును, ప్రయాణికులు మ్రింగిన దుమ్మును తలచుకొన్నచో, 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధానమంత్రి దానిని ప్రారంభించిననాటి ఉత్సాహము అర్థమగును. మియాపూర్, జె.ఎన్.టి.యు. కాలేజి, కె.పి.హెచ్.బి. కాలనీ, కూకట్‌పల్లి, బాలానగర్, మూసాపేట, భరత్‌నగర్ అని వరుసగా స్టేషనులు వెలసి, అమీర్‌పేటకు పోవు ప్రయాణము గడియారమును నమ్మి చేయదగినదాయెను. వానలో, ఎండలో, పరీక్షలనాడు, పెండ్లిండ్లనాడు ఆ బండి మాకు చేసిన మేలు చిన్నది కాదు. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. మియాపూర్ నుండి మెట్రోలో హైటెక్ సిటీకి పోదలచినవాడు, 13 కిలోమీటర్లు తూర్పుగా అమీర్‌పేట దాక పోయి, బండి మారి, మరల 10 కిలోమీటర్లు పడమటికి రావలెను. తిన్నని దారి యందులో సగము దూరమైనను లేదు. 2019 మార్చిలో అమీర్‌పేట – హైటెక్ సిటీ భాగము తెరచిననాడు మా యువకులు వేసికొన్న లెక్క యిదియే. మరల పాతగీత వెంబడియే కొత్తదారి వచ్చెను గాని, అడ్డదారి రాలేదు.

అడ్డదారులు బొత్తిగా రాలేదనుట తగదు. హైటెక్ సిటీ స్టేషను కడ రైలుక్రింది దారియు, 2022లో కైత్లాపూర్ వద్ద రైలుపై కట్టిన వంతెనయు మాకు గొప్ప ఊరట కలిగించెను. కాని వీనిని బండ్ల కొరకు కట్టిరి. బండి లేనివాని మాట వెనుకబడెను. ఏ దినమైనను ఉదయము తొమ్మిదిగంటల వేళ జె.ఎన్.టి.యు. చౌరస్తాలో నిలుచున్నచో ఈ సంగతి తెలియగలదు. మెట్రో మెట్లు దిగిన యువతులు మెడలో గుర్తింపుకార్డులతో, భుజమున లాప్‌టాప్ సంచులతో, షేర్ ఆటోల వైపు పరుగెత్తుచుందురు. "హైటెక్, హైటెక్, ఒక్కరు, ఒక్కరు" అని కేకవేయు డ్రైవరు, వెనుక నలుగురిని ఇరికించి, ముందు తనకు ఇరుప్రక్కల ఇద్దరిని కూర్చుండబెట్టుకొనిన గాని కదలడు. వెనుకనున్న బస్సు ఆటోను తప్పించుకొనలేక నడిరోడ్డున ఆగును. దాని కొరకు నిలిచియున్నవారు ఫుట్‌పాత్ విడచి రోడ్డుమీదికి ఉరుకుదురు. 2023 డిసెంబరునుండి స్త్రీలకు బస్సులలో ఉచిత ప్రయాణము లభించినది; పనిమనుషులకును, చిరుద్యోగినులకును ఇది వరమువంటిది. ఆ వరము పూర్తిగా ఫలింపవలెనన్న, వారు నిలువ నీడయు, ఎక్క బస్సును సరిపడ నుండవలెను.

నడక సంగతి చెప్పిన మనసు చివుక్కుమనును. రైతుబజారులో కూరలు కొని రెండు చేతుల సంచులతో పెద్దరోడ్డు దాటవలసిన వృద్ధులు, డివైడరు ప్రక్కన, వచ్చిపోవు బండ్ల నడుమ, ఎవరైన కనికరించి చేయెత్తి ఆపువరకు నిలుచుట నిత్యము చూచుచున్నాను. మెట్రో స్టేషను మీదుగా దాటవచ్చునుగాని, స్టేషనుకు స్టేషనుకు నడుమ దూరము మోకాళ్ల నొప్పులవారికి ఎక్కువ. రోడ్డును ఎన్నిమారులు వెడల్పు చేసినను, దానిని దాటవలసినవానికి ఆ వెడల్పు భారమే యగుననుట మన ఇంజనీర్లు మొదటి పాఠముగా గ్రహింపవలెను.

ఇదియంతయు జరిగిపోయిన చరిత్రయై యున్న, వ్రాసి ఊరకుందును. కాని ఇదే చరిత్ర మా ఉత్తరమున మరల మొదలైనది. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి, మల్లంపేట ప్రాంతములలో ఆకాశమంటు భవనములు లేచుచున్నవి. ఆ జనమంతయు నాలుగైదు సన్నని రోడ్ల వెంట పెద్దరోడ్డుకే దిగవలెను. ఇండ్లు ముందు, దారి వెనుక. దారికి స్థలము కావలసినప్పటికి ఆ స్థలమున నాలుగంతస్తుల మేడ. అప్పుడు పరిహారములు, వ్యాజ్యములు, జాప్యములు. మెట్రో రెండవదశ క్రింద 2024లో రాష్ట్ర ప్రభుత్వము ఆమోదించి కేంద్రమునకు పంపిన అయిదు మార్గములలో మియాపూర్ – పటాన్‌చెరు మార్గము 13.4 కిలోమీటర్లది, అది రావలెను, శీఘ్రముగా రావలెను. కాని అదియును ఆ పాతగీతకు పొడిగింపే. కె.పి.హెచ్.బి. నుండి కోకాపేట దిశగా ఎత్తైన మార్గమున తేలికపాటి రవాణా నడుపవలెనను ప్రతిపాదన కొన్నేండ్ల క్రిందట వెలువడెను. ఉత్తరమున బాచుపల్లి నుండి ప్రారంభించి, జె.ఎన్.టి.యు. వద్ద మెట్రోను, హైటెక్ సిటీ స్టేషను వద్ద ఎం.ఎం.టి.ఎస్.ను కలుపుచు దక్షిణమునకు పోవు అట్టి అడ్డమార్గము నొకదానిని సాధింపక మా ప్రాంతపు చిక్కు వీడదు.

అంతటి మార్గము పూర్తియగుటకు ఏండ్లు పట్టును. ఈలోపల చేయదగినవియు, అల్పవ్యయముతో కాగలవియు పెక్కు గలవు. ప్రతి మెట్రో, ఎం.ఎం.టి.ఎస్. స్టేషను నుండి కాలనీ లోపలి భాగములకును, కొత్త కాలనీలకును చిన్న బస్సులు పది నిమిషముల కొకటి నడుపవచ్చును. షేర్ ఆటోలను వెళ్లగొట్టుట తగదు. పేదవాని బ్రతుకుతెరువగు ఆ బండ్లకు చౌరస్తాకు దూరముగా నిలువ స్థలమును, క్రమమును కల్పింపవచ్చును. సంక్రాంతికి ఊళ్లకు పోవు జనముతో, ప్రైవేటు బస్సులతో కె.పి.హెచ్.బి. నుండి మియాపూర్ వరకు పెద్దరోడ్డు స్తంభించుట ఏటేట జరుగునదే. ముందే తెలిసిన రద్దీకి, బస్సులు నిలుచుటకు ముందే ఒక ఆవరణమును ఏర్పరచుట కష్టము కాదు. ఫుట్‌పాత్‌ను దుకాణములకు విడువక, స్టేషనుల నడుమ దాటు తావులను దీపములతో నేర్పరచుట అన్నిటికంటె ముందు కావలసినది. బస్సు ఒకరిది, రైలు ఒకరిది, మెట్రో ఒకరిది, రోడ్డు మరొకరిది యని విడివిడిగా ఆలోచించినంతకాలము ప్రయాణికుడు ప్రతి మార్పులోను నష్టపోవుచుండును. అన్నిటికిని ఒకే టిక్కెట్టు, ఒకే కాలపట్టిక యుండవలెను.

ఈ పనులన్నిటికిని ఆధారముగా నిలువవలసిన నియమ మొక్కటి కలదు. మియాపూర్ మొదలు మల్లంపేట వరకు ఇకమీదట ఏ భవనమునకు అనుమతి ఇచ్చినను, ఆ భవనవాసులు బస్సు ఎక్కు తావు ఏది, రైలుగీతను దాటు తావు ఏది, నడచుటకు విడిచిన దారి ఏదియని అడిగి, దానికి స్థలము భద్రపరచిన పిమ్మటనే సంతకము చేయవలెను. నలువదేండ్ల క్రిందట మా కాలనీకి వీధులు గీసినవారు, ఆ వీధుల అంచుతో తమ పని ముగిసినదనుకొనిరి. వారి కాలమున అది చెల్లెను. నేడు పటములు గీయుచున్నవారు ఆ అంచును దాటి చూడవలసియున్నది. ఏలయన, బాచుపల్లిలో నేడు తాళము తీసి గృహప్రవేశము చేయుచున్న కుటుంబమునకు రేపటి ఉదయముననే దారి కావలెను.