పొగగొట్టం నుంచి వాటర్‌లాక్ దాకా

నిడమనూరు వైపు రైతుకు ఇంజను పొగ అంటే పొలం గట్టున ఆయిలింజనే గుర్తొస్తుంది. నిటారుగా నిలబెట్టిన సైలెన్సరు, పైకి పోయి గాల్లో కలిసే పొగ. ఆ ఇంజనునే పడవ కడుపులో బిగిస్తే లెక్క మారిపోతుంది. కాలే గొట్టం పక్కనున్న చెక్కను అంటించగలదు, బయటి నీళ్లు అదే గొట్టంలోంచి ఇంజన్లోకి ఎక్కగలవు, పొగ మనుషుల మీదికే మళ్లగలదు. ఇంజను పడవల చరిత్రంతా ఈ మూడింటితో పెనుగులాటే.

ఆవిరి కాలంలో ఈ చిక్కు తక్కువ. కాటన్ హయాంలో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల కింద తవ్విన కాలువలు పడవలకూ దారులయ్యాయి. దుమ్ముగూడెం దగ్గర లాకులు కట్టిందీ గోదావరి మీద రాకపోకల కోసమే. స్టీమరు పొయ్యి మండాలంటే పొగగొట్టం ఎత్తుగా ఉండక తప్పదు కనుక పొగ తలల మీదుగా పోయేది. 1886లో డైమ్లర్ జర్మనీలో పెట్రోలు ఇంజనుతో పడవ నడిపాక ఆ ఎత్తు అవసరం తీరింది. పొగగొట్టం కిందికి దిగి, పడవ వెనక భాగానికి చేరింది.

మన ప్రాంతానికి లాంచీలను దగ్గర చేసింది నాగార్జునసాగర్ డ్యామే. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు. లోయ మునిగింది, నాగార్జునకొండ దీవిగా మిగిలింది. అక్కడి మ్యూజియం చూడాలంటే లాంచీ ఎక్కాల్సిందే.

విహార పడవలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది తడి పద్ధతి. ఇంజనును చల్లబరిచిన నీటినే మిక్సింగ్ ఎల్బో అనే వంపు గొట్టంలో పొగతో కలుపుతారు. వందల డిగ్రీల వేడి రబ్బరు గొట్టం తట్టుకునేంతకు దిగుతుంది, చప్పుడూ తగ్గుతుంది. ఎంపికలో చాలామంది చప్పుడు గురించే ఆలోచిస్తారు. నా దృష్టిలో ముందు చూడాల్సింది ఎత్తు. నీళ్లు కలిసే చోటు పడవ నీటిమట్టానికి కనీసం 15 సెంటీమీటర్ల పైన లేకపోతే బయటి నీళ్లు వాటంతటవే ఇంజన్లోకి లాక్కుపోకుండా సైఫన్‌ను తెంచే లూపు తప్పనిసరి. ఆ మట్టాన్ని ఖాళీ పడవలో కొలిస్తే మోసపోతాం. జనం నిండుగా ఎక్కాక పడవ ఎంత దిగుతుందో, కొలత అక్కడ తీసుకోవాలి. ఎల్బో నుంచి వాటర్‌లాక్‌కు, అంటే నీళ్లను పట్టి ఉంచే డబ్బాకు, గొట్టం వాలుగా దిగాలి. ఇంజను ఆపాక వెనక్కి జారే నీళ్లన్నీ పట్టేంత పెద్దదిగా వాటర్‌లాక్ ఉండాలి. గొట్టం వ్యాసం ఇంజను కంపెనీ చెప్పినదే. సన్నదైతే పొగ వెనక్కి నెట్టి, ఇంజను వేడెక్కి బలం కోల్పోతుంది. స్టార్ట్ కాని ఇంజనును పదేపదే తిప్పితే పంపు తోడిన నీళ్లు, బయటికి నెట్టే పొగ లేక, సిలిండర్లలోకే చేరతాయి. ఉప్పునీటిలో పోత ఇనుప ఎల్బోను తుప్పు లోలోపలే తినేస్తుంది, కాబట్టి కాకినాడ, విశాఖ పడవల్లో దాన్ని విప్పి చూస్తుండాలి. సాగర్‌లో ఆ బాధ తక్కువే. అయితే 590 అడుగుల నిండు మట్టం నుంచి నీళ్లు బాగా తగ్గిన వేసవిలో నాచు, బురద పంపు నోటికి అడ్డుపడతాయి. నీళ్లు ఆగితే రబ్బరు గొట్టం కాలుతుంది.

మనుషుల సంగతి ప్రపంచం ఆలస్యంగా పట్టించుకుంది. 2000లో అమెరికాలోని లేక్ పావెల్‌లో హౌస్‌బోటు వెనక ఈదుతున్న ఇద్దరు అన్నదమ్ములు కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యాకే అక్కడ పరిశోధన ఊపందుకుంది. వాసన లేని విషం అది. మన దేశంలోనూ ఆలస్యమే: 1917 నాటి చట్టం స్థానంలో కొత్త అంతర్గత జలనౌకల చట్టం 2021లో గానీ రాలేదు.

పడవ నడిపేవాళ్లకు నా విన్నపం ఒకటే. స్టార్ట్ చేయగానే వెనక్కి తొంగి చూడండి. పొగతోపాటు నీళ్లు రాకపోతే వెంటనే ఇంజను ఆపండి. ఇంజను నడుస్తున్నంతసేపూ పిల్లలను వెనక మెట్ల మీద కూర్చోనివ్వకండి.