కాఫీగింజలు వేగెడి వీథి

కొండవీటి దుర్గమునకు చేరువను, గుంటూరు చిలకలూరిపేటల నడిమి రహదారిపైనున్న ఎడ్లపాటి సీమలో పత్తియు, మిరపయు, పొగాకును పండును గాని కాఫీచెట్టు పెరుగదు. అట్లయ్యును ప్రభాతమున కాఫీ లేనిదే దినచర్య ఆరంభముగాని గృహములు నేడిచట అనేకము. తన నేలపై పండని గింజ ఒక ప్రాంతమునకు ఇంత ఆత్మీయమగుట యెట్లని విచారించువారు, సెలవుదినమున, సందడి సద్దుమణిగిన వేళ, సమీప పట్టణపు సందులోని కాఫీపొడి దుకాణమునకు పోయి కొంతతడవు నిలువవలెను.

పచ్చిగింజ నెలల తరబడి నిలువయుండును; వేగినగింజ కొలదివారములలోనే పరిమళమును గోల్పోవును; పొడియైనచో మరింత శీఘ్రముగ. కావున గింజ యెంత దూరమునుండి వచ్చినను, దానిని వేయించు పనిమాత్రము త్రాగువారి చెంతనే సాగవలసివచ్చెను. ఈ వృత్తి చరిత్రమంతయు ఈ యొక్క ధర్మమునుండి పుట్టినదే.

ఇక ఆ గింజ రాక విషయమునకు వచ్చినచో, బాబా బుడన్ అను ఫకీరు పదునేడవ శతాబ్దమున యెమెన్ దేశమునుండి ఏడు గింజలు దెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెనని ఐతిహ్యము. తెలుగునాట 1898 ప్రాంతమున బ్రోడీ యను ఆంగ్లాధికారి గోదావరి మన్యమందలి పాములేరు లోయలో ఈ పంటకు నాంది పలికెనని చెప్పుదురు. పిదప అది గూడెము, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతములకు వ్యాపించి, గిరిజనుల కష్టముచే వర్ధిల్లి, 2019లో అరకులోయ అరబికాగా భౌగోళిక గుర్తింపు నందెను.

పూర్వము గృహిణులు పచ్చిగింజలను ఇనుపమూకుటిలో వేయించి, చేతిమరలో విసరుకొనెడివారు. కాలక్రమమున ఈ శ్రమను దుకాణదారుడు స్వీకరించెను. అతని పీపా నిప్పుసెగపై తిరుగుచుండగా, ఆకుపచ్చని గింజ పసుపువన్నెకు దిరిగి, పిమ్మట గోధుమవన్నె దాల్చి, ఉబ్బి, చిటపటలాడును. పలుచని పొట్టు రాలిపోవును. అంతట నతడు చెవియొగ్గి, మూకుమ్మడిగ వినవచ్చు ఆ చిటపటలు సన్నగిల్లు క్షణమును గ్రహించి, గింజలను పళ్లెరమున గ్రుమ్మరించి చల్లార్చును. ఆలసించినచో మాడును, తొందరపడినచో పచ్చివాసన మిగులును. పదికిలోల పచ్చిగింజ వేగినపిదప సుమారు ఎనిమిదిన్నర కిలోలు మాత్రమే తూగును. పిదప నతడు గింజ పీబెర్రీ రకమో, ప్లాంటేషన్ రకమో, చికోరి యెంత కలుపవలెనో యడిగి, ఎదుటనే మరపట్టి, వెచ్చని పొడిని పొట్లము గట్టి యిచ్చును.

ఇక గింజ వర్తకపు తీరు చూడగా, 1942 నాటి చట్టముచే కాఫీబోర్డు ఏర్పడినపిదప, సాగుదారులు పంటను చాలకాలము బోర్డునకే అప్పగింపవలసియుండెను. ఆ నిర్బంధము 1990ల మధ్యభాగమున తొలగెను. ఆ కాలముననే గుంటూరుజిల్లా దుగ్గిరాలలో, పసుపు వర్తకమునకు పేరొందిన యూరిలో, కాంటినెంటల్ కాఫీ వారి కర్మాగారము వెలసి, ఇన్‌స్టంట్ కాఫీని విదేశములకు పంపజొచ్చెను. మూతబిగించిన సీసాలో చిరకాలము నిలుచు ఈ కాఫీ, త్రాగువారి చెంతనే వేయించవలెనను అవసరమును తొలగించెను. ఇది సౌకర్యమే, దీనిని నిందింపనక్కరలేదు. కాని ఎదుట వేగిన గింజలో నుండెడి తాజాపరిమళము సీసాలో నిముడదు.

కావున పాఠకులకు నాదొక విన్నపము: మీ పట్టణమున ఇట్టి దుకాణ మొక్కటి మిగిలియున్నచో, నెలకు సరిపడు పొడిని ఒక్కసారి కొనక, వారమునకు వలసినంతయే కొనుడు, మన్యపు గింజ కలదాయని యడుగుడు. అడుగువారుండినంతవరకే ఈ వృత్తి నిలుచును.