ఘనత

కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు ‘ఆ ఘనత ఆమెదే’ అనడానికి ఎవరూ తటపటాయించలేదు. ఎత్తు వేసింది ఆమె, గెలిచిందీ ఆమె. అదే ఎత్తు కంప్యూటర్ వేస్తే ఘనత ఎవరిది? ప్రోగ్రాం రాసినవాడిదా, అతను ఎవరి కోడ్ చదివి నేర్చుకున్నాడో వాడిదా? ఈ ప్రశ్న దగ్గర మన మాట కాస్త తడబడుతుంది.

పాణిని ‘ఘన’ శబ్దాన్ని ‘హన్’ ధాతువు నుంచి సాధించాడు. హన్ అంటే కొట్టడం. సంస్కృతంలో సమ్మెటకూ ఘనమనే పేరుంది. కొట్టి మోగించే కంచు తాళాల వంటివి ఘనవాద్యాలు. దెబ్బ మీద దెబ్బ పడి గట్టిపడింది ఘనం. గట్టిది కాబట్టి బరువైంది, బరువైంది కాబట్టి గొప్పది. తెలుగులోకి వచ్చి అది కోర్టు కాగితాల్లో ‘ఘనత వహించిన’ అని గద్దెనెక్కింది. ఇంట్లో మాత్రం ‘నువ్వు చేసిన ఘనకార్యం చాల్లే’ అనే తిట్టుగా మిగిలింది.

దీని పక్కన మనం వాడే క్రియ ‘దక్కు’. నాకు ‘ఘనత’ కంటే ఇదే రుచిగా ఉంటుంది. సాధించడం వేరు, దక్కడం వేరు. ప్రాణం దక్కిందంటాం. ఏం తిన్నా కడుపులో దక్కడం లేదంటాం. వచ్చింది నిలిస్తేనే దక్కినట్టు.

‘రిబ్కా’ అనే చదరంగం ప్రోగ్రాం కథ సరిగ్గా ఇదే. 2005లో ఫ్రాన్స్‌కు చెందిన ఫాబియన్ లెతూజే తన ‘ఫ్రూట్ 2.1’ ప్రోగ్రాం సోర్స్ కోడ్‌ను అందరి ముందూ పెట్టాడు. ఆ ఏడాదే రెక్యావిక్‌లో జరిగిన ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీలో ఫ్రూట్‌ది రెండో స్థానం. ఏడాది చివర వాసిక్ రాజ్‌లిక్ ప్రోగ్రాం ‘రిబ్కా’ వచ్చింది. చెక్, పోలిష్ భాషల్లో ఆ పేరుకు చిన్న చేప అని అర్థం. 2007 నుంచి 2010 దాకా వరుసగా నాలుగు ప్రపంచ టైటిళ్లు ఆ చిన్న చేపవే. 2011లో పోటీలు నడిపే అంతర్జాతీయ సంఘం, రిబ్కాలో ఫ్రూట్ నుంచీ, ‘క్రాఫ్టీ’ అనే మరో ప్రోగ్రాం నుంచీ తీసుకున్నది ఉందని తేల్చి ఆ టైటిళ్లన్నీ వెనక్కి తీసుకుంది, రాజ్‌లిక్‌ను జీవితాంతం నిషేధించింది. కాపీ కొట్టలేదనే రాజ్‌లిక్ అన్నాడు. ఆ జీవితకాల నిషేధాన్ని 2015లో ప్రపంచ చదరంగ సమాఖ్య ‘ఫిడే’ నైతిక సంఘం తప్పుపట్టింది.

తిన్నది దక్కలేదు, సరే. మరి వండిందెవరు? ఆలోచనలు అందరివీ. మంచి ఎత్తు కోసం చేసే ‘ఆల్ఫా-బీటా’ వెతుకులాట వాడనివాడు ఆ రోజుల్లో అరుదు, దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు. అయితే పోటీ నియమం స్పష్టంగానే ఉండేది: ప్రోగ్రాం సొంత రచన కావాలి, ఇతరుల కోడ్ ఉంటే వాళ్ల పేర్లూ చెప్పాలి. రిబ్కా బలం ఫ్రూట్ బలాన్ని చాలా దూరం దాటిపోయింది, ఆ పైదెబ్బలు రాజ్‌లిక్‌వే అని నా నమ్మకం. దాగలి ఎవరిదో ఒక్క మాట చెప్పి ఉంటే గొడవ ఇంత దూరం వచ్చేది కాదు.

ఇంకో చేప ఉంది, ఎండుచేప. నార్వేవాసి టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన ‘గ్లౌరుంగ్’ ప్రోగ్రాంను తీసుకుని 2008లో ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టాడు. నార్వేలో ఎండబెట్టి ఇటలీలో వండుకునే చేప పేరే దానికి పెట్టాడు: స్టాక్‌ఫిష్. ముడిసరుకు ఎక్కడిదో పేరులోనే చెప్పేశాడు!

ఇక్కడ సమ్మెట చప్పుడు బాగా వినిపిస్తుంది. ఎవరో ఒకరు కోడ్‌లో ఒక అంకె మారుస్తారు. ఒకప్పుడైతే ‘రాజు పక్కన బంటు లేకపోతే ఇంత తగ్గించు’ లాంటి చిన్న సవరణ. అది నిజంగా మేలా కాదా అని తేల్చడానికి పాత ప్రోగ్రాం, కొత్త ప్రోగ్రాం ఒకదానితో ఒకటి వేల ఆటలు, ఒక్కోసారి లక్షకు పైగా ఆడతాయి. ఒక్కో వైపు పది సెకన్ల చిల్లర సమయం. నెగ్గితే మళ్లీ అరవై సెకన్ల ఆటలు. ఇవన్నీ నడిచేది ఔత్సాహికులు అరువిచ్చిన కంప్యూటర్ల మీద. 2013లో గ్యారీ లిన్‌స్కాట్ కట్టిన ‘ఫిష్‌టెస్ట్’ ఏర్పాటు అది. అంతా అయ్యాక దక్కేది ఆటబలాన్ని కొలిచే ఈలో పాయింట్లు ఒకటో రెండో. చాలాసార్లు అదీ దక్కదు, సవరణ చెత్తబుట్టలోకి పోతుంది. 2020లో చేరిన న్యూరల్ నెట్ పద్ధతి అయితే అసలు చదరంగం కోసం పుట్టిందే కాదు, జపాన్ ఆట షోగీ కోసం యూ నాసు చేసింది.

ఇందులో ‘ఆ ఘనత సాధించిన తొలి వ్యక్తి’ని వెతకబోతే దొరకడు. మన పత్రికల వాక్యం ఒక్క మనిషి కోసం కుట్టిన చొక్కా.

స్టాక్‌ఫిష్ కోడ్‌తో పాటే రచయితల పేర్ల ఫైలు ఒకటి ఉంటుంది. స్థాపకులు నలుగురు, న్యూరల్ నెట్ తెచ్చినవాళ్లు ముగ్గురు. ఆ తర్వాత పెద్దా చిన్నా లేకుండా అందరి పేర్లూ అక్షరక్రమంలో ఉంటాయి. ఒక్క వరుస కోడ్ రాయకపోయినా కంప్యూటర్ అరువిచ్చినవాళ్లలో ఎక్కువ ఇచ్చినవారికి ఇంకో ఫైలుంది. ఎవరు ఎన్ని గంటలిచ్చారో, వారి కంప్యూటర్ మీద ఎన్ని ఆటలు జరిగాయో పేరు పక్కనే రాసి ఉంటుంది.