ఉపగ్రహ రేడియో – రెండు మార్గములు

రాష్ట్రేతరమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు రేడియోలో తెలుగు మాట వినబడుటయే యొక పండుగ. దూరకేంద్రముల ప్రసారము రాత్రివేళ గరగరలతో వచ్చెడిది. ఉపగ్రహములు వచ్చిన పిదప రెండు మార్గములు తెరువబడెను.

2000 మార్చిలో వరల్డ్‌స్పేస్ సంస్థవారి ఆసియాస్టార్ ఉపగ్రహము అంతరిక్షమున కెగసెను. వారి వాహినులలో ‘స్పందన’ తెలుగుది. దానికి ప్రత్యేకమైన రేడియో, చిన్న ఆంటెన్నా, తరువాత చందాయును వలసెను. 2004 డిసెంబరులో దూరదర్శన్‌వారు డి.డి. డైరెక్ట్ ప్లస్ ప్రారంభించిరి. డిష్షు, సెట్‌టాప్ బాక్సు, టెలివిజను ఉన్నచో నెలచందా లేకయే ఆకాశవాణి తెలుగు ప్రసారము వినవచ్చెను.

ఒకదాని యంత్రము మరియొకదానికి పనికిరాదు. మొదటిది వెంట తీసికొనిపోదగినది. రెండవది ఇంటికి కట్టుబడినది. కాని వరల్డ్‌స్పేస్ 2008లో దివాలా స్థితికి వచ్చెను. 2009 డిసెంబరు 31తో భారతదేశమున దాని సేవ ముగిసెను. ఏ లోపమును లేని రేడియోలు సైతము మూగవోయెను. ఆకాశవాణి వాహినులు డి.డి. ఫ్రీ డిష్ ద్వారా నేటికిని వినబడుచున్నవి.

కావున యంత్రము కొనునపుడు ధ్వనిశుద్ధితోపాటు, అది ఒక్క సంస్థకే కట్టుబడినదా, ఆ సంస్థ మన పిల్లల కాలమువరకు నిలుచునా యనియు విచారింపవలెను. మన యిండ్లలో తెలుగు వినబడుచుండుటకు ఈ విచారణ అవసరమని మేము తలంచుచున్నాము.